వంటగది కత్తికి పదును: సరైన కోణంలో నూరడం, పాత కోణాన్ని మార్చడం

ఎంతసేపు నూరినా కత్తి తెగడం లేదంటే కారణం చాలావరకు రెండింటిలో ఒకటై ఉంటుంది. మొదటిది, మీరు పట్టుకున్న కోణం కత్తికి ఉన్న కోణం కంటే తక్కువగా ఉంది. అప్పుడు రాయి అంచు పైభాగాన్ని అరగదీస్తుంది గానీ కొసను, అంటే అంచు చివరి గీతను, తాకదు. రెండోది, కొస పదునెక్కింది గానీ దాని వెనక లోహం మందంగా ఉండిపోయింది. అలాంటి కత్తి కాగితాన్ని చక్కగా కోస్తుంది, క్యారెట్‌లో మాత్రం సగం దాకా దిగి ఇరుక్కుంటుంది. మొదటి లోపం పోవాలంటే బర్, అంటే అంచు వెంట అవతలి వైపుకి లేచే పల్చటి లోహపు పొర, వచ్చేదాకా ఓపిగ్గా నూరాలి. రెండోదానికి కోణం తగ్గించాలి, అది చాలకపోతే అంచు వెనక పలచన చేయాలి.

ఇక్కడ చెప్పేదంతా రెండు వైపులా వాలు ఉండే మామూలు కత్తులకు వర్తిస్తుంది. ఒక్క వైపే వాలున్న జపనీస్ కత్తులను, రంపపు పళ్ళున్న బ్రెడ్ కత్తులను ఈ పద్ధతిలో నూరకండి, పాడవుతాయి.

కొన్ని పేర్లు ముందే అనుకుందాం. అంచు వెంట ఏటవాలుగా నూరిన సన్నటి పట్టీ వాలు. రెండు వైపుల వాలు కలిసే గీత కొస. వాలుకు పైన బ్లేడు పక్క భాగం చెంప. వాలు మొదలై, చెంప ఆగిపోయే మలుపు భుజం. అంచుకు ఎదురుగా పైన ఉండేది వెన్ను. పిడి దగ్గరి అంచు చివర మడమ, రెండో చివర మొన.

ఏ కోణం కావాలి?

ఈ వ్యాసంలో కోణమంటే ఒక్కో వైపు కోణం. 15 డిగ్రీలంటే రెండు వైపులా కలిపి 30. సాన పరికరాల మీద రాసే అంకె ఒక వైపుదా, రెండు వైపులదా అన్నది చూసుకోకపోతే అక్కడే లెక్క తప్పుతుంది.

కోణాన్ని నిర్ణయించేవి స్టీలు గట్టిదనం, కత్తితో చేసే పని. గట్టిదనాన్ని రాక్‌వెల్ సి స్కేలులో చెబుతారు. యూరోపియన్ తరహా స్టెయిన్‌లెస్ కత్తులు, ఉదాహరణకు 1.4116 స్టీలువి, 55–57 దగ్గర ఉంటాయి. వీటికి 17 నుంచి 20 డిగ్రీలు సరిపోతాయి. అంతకన్నా పలచన చేస్తే మెత్తని స్టీలు వత్తిడికి పక్కకు వంగిపోతుంది, రెండు రోజుల్లోనే పదును పోయినట్టు అనిపిస్తుంది. వీజీ10 లాంటి 60, ఆపైన గట్టిదనం ఉన్న స్టీళ్ళు 12 నుంచి 15 డిగ్రీలు తట్టుకుంటాయి. అవి వంగవు. తేడా వస్తే కొస పెచ్చులుగా ఊడుతుంది. ఎముకలు కొట్టే బరువైన కత్తికి 25 డిగ్రీలు ఉంచండి. దానికి 15 పెడితే మొదటి దెబ్బకే అంచు నొక్కుకుపోతుంది.

ఏ స్టీలో తెలియకపోతే 17తో మొదలుపెట్టండి. వారం వాడాక కొసను వెలుతురులో చూడండి. వంగినట్టో పెచ్చు లేచినట్టో ఉంటే 20కి వెళ్ళండి. శుభ్రంగా ఉంటే తర్వాతిసారి 15 ప్రయత్నించండి. పట్టికలో అంకె కంటే ఈ పరిశీలనను నమ్మండి, ఎందుకంటే ఒకే స్టీలును ఇద్దరు తయారీదారులు వేర్వేరు గట్టిదనానికి తెస్తారు.

ఇప్పుడున్న కోణం కొలవడం

డిజిటల్ కాలిపర్, భూతద్దం ఉంటే చాలు. భుజం దగ్గర బ్లేడు మందం కొలవండి. తర్వాత ఒక వైపు వాలు వెడల్పు, అంటే భుజం నుంచి కొస దాకా, కొలవండి. మందాన్ని వెడల్పుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది కోణం తాలూకు సైన్ విలువ. మందం 0.6 మి.మీ., వెడల్పు 0.9 మి.మీ. అనుకుంటే 0.6ను 1.8తో భాగించాలి. 0.33 వస్తుంది, అంటే కోణం 19 డిగ్రీల పైచిలుకు. గుర్తుకోసం: 0.21 అంటే 12 డిగ్రీలు, 0.26 అంటే 15, 0.34 అంటే 20, 0.42 అంటే 25. వాలు రెండు వైపులా ఒకే వెడల్పు లేకపోతే ఈ లెక్క పనిచేయదు. అలాంటి కత్తికి ముందు వెడల్పు తక్కువున్న వైపు ఎక్కువ నూరి రెండింటినీ సమం చేయాలి.

భుజం దగ్గరి మందం విడిగా కూడా రాసి పెట్టుకోండి. కూరగాయలు తరిగే పెద్ద కత్తికి అది 0.3–0.4 మి.మీ. ఉంటే హాయిగా తెగుతుంది. 0.6 దాటితే కోణం 20 నుంచి 15కి తగ్గించినా తేడా అంతగా తెలియదు. అప్పుడు భుజం పైన చెంపను కూడా అరగదీయాల్సి ఉంటుంది. ఏళ్ళ తరబడి నూరిన కత్తులన్నీ చివరికి ఈ స్థితికే వస్తాయి, ఎందుకంటే బ్లేడు వెన్ను వైపు మందంగా ఉంటుంది, అంచు అరిగేకొద్దీ ఆ మందంలోకే జరుగుతుంది.

రాళ్ళు

రాయి గరుకుదనాన్ని గ్రిట్ అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రాయి సన్నం. కోణం మార్చడానికి 220 నుంచి 400 గ్రిట్ ముతక రాయి, పదునుకు 1000 రాయి. ఈ రెండూ తప్పనిసరి. 3000 నుంచి 6000 మధ్య రాయి ఉంటే అంచు నునుపెక్కుతుంది గానీ మెత్తని స్టెయిన్‌లెస్‌కు 1000 మీదే ఆపడం మేలు. ఆ గ్రిట్ వదిలే సన్నటి గరుకు టమాటా తొక్కను పట్టుకుంటుంది. అదే కత్తిని 6000 దాకా నునుపు చేస్తే తొక్క మీద జారుతుంది. గట్టి స్టీళ్ళకు 3000 బాగుంటుంది.

నీళ్ళు పీల్చే రకం రాయిని బుడగలు ఆగేదాకా, సుమారు 10–15 నిమిషాలు నానబెట్టాలి. రెసిన్‌తోనో మెగ్నీషియాతోనో అతికిన రాళ్ళను నానబెట్టకూడదు, పగుళ్ళొస్తాయి. వాటి మీద నీళ్ళు చల్లితే చాలు. మీ రాయి ఏ రకమో పెట్టె మీద చూసుకోండి. డైమండ్ ప్లేట్‌కు నానబెట్టడం అక్కర్లేదు, మీద బలంగా నొక్కకూడదు. నొక్కితే వజ్రపు రేణువులు ఊడిపోతాయి.

రాయి చదునుగా ఉందో లేదో ప్రతిసారీ చూడండి. పెన్సిల్‌తో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, డైమండ్ ప్లేట్ మీదో, గాజు పలక మీద పరిచిన 120 గ్రిట్ వాటర్ పేపర్ మీదో నీళ్ళతో రుద్దండి. గీతలన్నీ పోతే చదునైనట్టు. మధ్యలో గీతలు మిగిలాయంటే రాయి గుంటపడింది, రుద్దడం కొనసాగించండి. గుంటపడిన రాయి మీద కోణం నిలవదు, వాలు గుండ్రంగా తయారవుతుంది.

కోణాన్ని చేతిలోకి తెచ్చుకోవడం

కోణాన్ని కంటితో అంచనా వేయకండి, వెన్ను ఎత్తుగా మార్చుకోండి. అంచు నుంచి వెన్ను దాకా బ్లేడు వెడల్పును సైన్ విలువతో గుణిస్తే వెన్ను మధ్యభాగం రాయికి ఎంత ఎత్తులో ఉండాలో వస్తుంది. 45 మి.మీ. వెడల్పున్న కత్తికి 15 డిగ్రీల దగ్గర 11.6 మి.మీ., 20 డిగ్రీల దగ్గర 15.4 మి.మీ. కొలిచేది వెన్ను కింది మూల దాకా కాబట్టి వెన్ను మందంలో సగం తీసేయండి. వెన్ను 2 మి.మీ. మందముంటే ఖాళీ సుమారు 10.6 మి.మీ. ఉండాలి. అంత మందానికి అట్టముక్కలు పేర్చి, టేపు చుట్టి, వెన్ను కింద పెట్టి చూసుకోండి. చేతికి ఆ ఎత్తు అలవాటయ్యాక తీసేయండి.

45 మి.మీ. కత్తికి వెన్ను ఒక మిల్లీమీటరు ఊగితే కోణం ఒకటింపావు డిగ్రీ పైచిలుకు మాత్రమే మారుతుంది. 20 మి.మీ. వెడల్పున్న చిన్న కత్తికి అదే మిల్లీమీటరుకు దాదాపు 3 డిగ్రీలు మారుతుంది. చిన్న కత్తి నూరడం సులువనుకుని దానితో నేర్చుకోవడం మొదలుపెట్టకండి. పెద్ద కత్తితోనే మొదలుపెట్టండి.

ఇక మార్కర్ పరీక్ష. వాలు మొత్తానికి, భుజం నుంచి కొస దాకా, పర్మనెంట్ మార్కర్ పూయండి. అనుకున్న ఎత్తులో పట్టుకుని రాయి మీద మూడు నాలుగు సార్లు మాత్రమే నూరి వెలుతురులో చూడండి. సిరా భుజం దగ్గరే పోయి కొస దగ్గర నల్లగా ఉంటే మీ కోణం తక్కువ. కొస దగ్గరే పోతే ఎక్కువ. వాలంతా శుభ్రమైతే ఉన్న కోణానికి సరిగ్గా కుదిరింది. ఈ ఒక్క పరీక్ష మానేసినందువల్ల వృథా అయ్యే శ్రమే అన్నిటికన్నా ఎక్కువ.

నూరడం

1. రాయి కింద తడి బట్ట పరవండి. రాయి కదిలితే కోణమూ పోతుంది, వేలూ తెగుతుంది. రాయి ఎత్తు నడుము దగ్గరగా ఉంటే భుజాలు నొప్పి పుట్టవు.

2. పిడిని ఒక చేత్తో పట్టుకుని, బొటనవేలిని వెన్ను మీద ఆనించండి. రెండో చేతి రెండు మూడు వేళ్ళను అంచుకు కాస్త పైన, రాయి తాకుతున్న చోటికి సరిగ్గా మీద పెట్టండి. వేళ్ళు ఎక్కడుంటే అక్కడే అరుగుతుంది. కత్తి రాయి పొడవుకు 45 డిగ్రీలు అడ్డంగా ఉంటే ఎక్కువ భాగం ఒకేసారి తాకుతుంది. ఈ 45కూ పదును కోణానికీ సంబంధం లేదు.

3. మడమ నుంచి మొదలుపెట్టి, ముందుకీ వెనక్కీ రుద్దుతూ, వేళ్ళను ఒక్కో వేలి వెడల్పు చొప్పున మొన వైపు జరపండి. ఒక్కో చోట 8–10 సార్లు. ముతక రాయి మీద ఒకటిన్నర నుంచి 2 కిలోల వత్తిడి సరిపోతుంది. ఆ వత్తిడి ఎంతో తెలియాలంటే రాయిని వంటగది తూకం మీద పెట్టి ఒకసారి నొక్కి చూడండి.

4. మొన దగ్గర అంచు పైకి వంపు తిరుగుతుంది. అక్కడికి రాగానే పిడిని కొద్దిగా పైకెత్తండి. ఎత్తకపోతే వంపు దగ్గర కొస రాయిని తాకదు. మరీ ఎత్తితే మొన గుండ్రబడుతుంది. మార్కర్‌ను ఈ భాగంలో మళ్ళీ మళ్ళీ పూసి చూడండి.

5. బర్ కోసం చూడండి. కొస దాకా లోహం అరిగితే, పల్చటి పొర ఒకటి అవతలి వైపుకి వంగి లేస్తుంది. నూరుతున్న వైపుకి ఎదురు వైపున, వెన్ను నుంచి అంచు బయటికి బొటనవేలిని మెల్లగా జరిపితే గోటికి తగిలే గరుకు అదే. వేలిని అంచు పొడవునా ఎప్పుడూ జరపకండి. బర్ మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా తగలాలి. మధ్యలో రెండు సెంటీమీటర్లు తగలలేదంటే, ఆ రెండు సెంటీమీటర్లు ఇంకా మొద్దుగానే ఉన్నట్టు. అక్కడే మళ్ళీ నూరండి.

6. బర్ పూర్తిగా వచ్చాకే కత్తిని తిప్పి రెండో వైపు నూరండి. ఇప్పుడు బర్ మొదటి వైపుకి తిరగాలి. రెండు వైపులా వచ్చేదాకా సన్న రాయికి వెళ్ళకండి. ముతక రాయి చేయని పని సన్న రాయి ఎంతసేపటికీ చేయదు.

రాయి మీద పేరుకునే నల్లటి బురదను మాటిమాటికీ కడిగేయకండి. అందులో రాయి రేణువులున్నాయి, అవీ అరగదీస్తాయి. ఎండిపోతుంటే నాలుగు చుక్కల నీళ్ళు చాలు.

కోణం మార్చడం

20 డిగ్రీల అంచును 15కి తేవడమంటే భుజం దగ్గర లోహం తీసేయడం. భుజం మందం అర మిల్లీమీటరు ఉన్న కత్తికి వాలు వెడల్పు 0.73 నుంచి 0.97 మి.మీ. అవుతుంది. వినడానికి చిన్నదే గానీ 20 సెంటీమీటర్ల పొడవునా రెండు వైపులా తీయాలి. 1000 రాయి మీద ఈ పని పెట్టుకోకండి, సగంలో విసుగొచ్చి కోణం పెరిగిపోతుంది. ముతక రాయి మీదే చేయండి.

మామూలుగా నూరేటప్పుడు ఒక వైపు బర్ వచ్చేదాకా ఆగుతాం. కోణం మార్చేటప్పుడు అలా చేస్తే మొత్తం లోహం ఒక వైపు నుంచే పోయి కొస పక్కకు జరుగుతుంది. అందుకని పూర్తి పొడవుకు 20 సార్లు ఒక వైపు, 20 సార్లు రెండో వైపు, ఇలా మార్చుతూ వెళ్ళండి. ప్రతి మార్పు తర్వాత మార్కర్ పూయండి. మొదట్లో సిరా భుజం దగ్గర మాత్రమే పోతుంది, అది సరైన సూచనే. కొత్త వాలు క్రమంగా కిందికి పాకుతూ కొసకు చేరువవుతుంది. కొస వెంట వెంట్రుకంత నల్ల గీత మిగిలినప్పుడు వత్తిడి సగానికి తగ్గించండి. ఆ గీత పోయి బర్ మొదలవగానే ఆపేయండి. బర్ వచ్చాక ముతక రాయి మీద నూరిన ప్రతిసారీ బర్ పెద్దదవుతుంది, కత్తి అనవసరంగా అరుగుతుంది.

అంచులో పెచ్చులుంటే వాటిని ముందే తీసేయాలి. కత్తిని రాయి మీద నిటారుగా, ఏదైనా కోస్తున్నట్టు పట్టుకుని, అంచు అసలు ఆకారాన్ని అనుసరిస్తూ మెల్లగా లాగండి. పెచ్చులు పోయేసరికి కొస చదునుగా, వెలుతురులో తెల్లటి గీతలా మెరుస్తుంది. అప్పుడు పైన చెప్పినట్టు వాలు పెట్టి, ఆ తెల్లటి గీత రెండు వైపుల నుంచీ సన్నబడి మాయమయ్యేదాకా నూరండి. గీత సన్నబడటం కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి పని ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది.

పలచన చేయాల్సిన కత్తికి వెన్నును రాయికి బాగా దగ్గరగా దించి, 3 నుంచి 5 డిగ్రీల వద్ద భుజం పైభాగాన్ని నూరండి. చెంప మీద గీతలు పడతాయి, అందం కాస్త పోతుంది. ఆ గీతలను తర్వాత సన్న వాటర్ పేపర్‌తో తగ్గించవచ్చు. కొసను తాకేదాకా వెళ్ళకండి.

15 డిగ్రీలు పెట్టాక కొస త్వరగా దెబ్బతింటుంటే మొత్తం వాలును మళ్ళీ మార్చనక్కర్లేదు. 20 డిగ్రీల వద్ద సన్న రాయి మీద ఒక్కో వైపు మూడు నుంచి ఐదు సార్లు, కత్తి బరువు తప్ప వేరే వత్తిడి లేకుండా నూరండి. కంటికి కనిపించీ కనిపించని రెండో వాలు ఏర్పడుతుంది. వెనక పలచదనం అలాగే ఉంటుంది, కొసకు బలం వస్తుంది. మెత్తని స్టీలుకు ఇది చాలా మంచి ఏర్పాటు.

బర్ తీయడం

నూరడం అయిపోయిందనుకున్న కత్తి ఒక్క వంటకే మొద్దుబారితే, బర్ మిగిలిపోయిందన్నమాట. బర్ నిటారుగా నిలబడితే అదే పదునులా పనిచేస్తుంది, కాగితాన్ని కూడా కోస్తుంది. కూరలు తరిగే పలకకు నాలుగు సార్లు తగలగానే మడత పడుతుంది.

ఆఖరి రాయి మీద వత్తిడిని మెట్లుగా తగ్గించండి. ఒక్కో వైపు ఐదు సార్లు, తర్వాత మూడు, తర్వాత ఒకటి చొప్పున మార్చుతూ, అంచు ముందుండేలా, రాయి మీంచి పల్చటి పొర కోస్తున్నట్టు నెట్టండి. చివరి పది సార్లలో కత్తి బరువు మాత్రమే ఉండాలి. మొండి బర్‌కు కోణాన్ని రెండు మూడు డిగ్రీలు పెంచి ఒక్కో వైపు ఒక్కసారి నెట్టితే తెగుతుంది. తర్వాత చెక్కకు అతికించిన తోలు పట్టీ మీద, ఒక మైక్రాన్ డైమండ్ పేస్ట్ గానీ క్రోమియం ఆక్సైడ్ గానీ పూసి, వెన్ను ముందుగా, అంచు వెనకగా ఒక్కో వైపు పది సార్లు లాగండి. తోలు మీద గట్టిగా నొక్కితే తోలు కుంగి, కొస చుట్టూ లేచి, అంతసేపూ శ్రమపడి పెట్టిన అంచును గుండ్రం చేస్తుంది.

పరీక్షకు కత్తిని దీపం కింద అంచు పైకి ఉండేలా పట్టుకోండి. పదునైన కొస వెలుతురును తిప్పికొట్టదు. ఎక్కడ మెరిస్తే అక్కడ మొద్దుగా ఉంది, లేదా బర్ ఉంది. పల్చటి కాగితాన్ని మడమ నుంచి మొన దాకా కోయండి. ఒకే చోట ప్రతిసారీ చిక్కుకుంటే ఆ చోటుకు మార్కర్‌తో గుర్తు పెట్టుకుని మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళండి. కాగితంలో బాగా తెగి టమాటా తొక్క మీద జారితే అంచు మరీ నునుపైంది, 1000 మీద ఒక్కో వైపు రెండు సార్లు తేలిగ్గా లాగండి.

తరచూ వచ్చే ఇబ్బందులు

మొన మాత్రం తెగకపోతే పిడి పైకెత్తడం తక్కువైంది. మడమ దగ్గర మాత్రం తెగకపోతే పిడి రాయి అంచుకు తగులుతోందేమో, లేదా మడమ దాకా దిగిన మందపాటి బోల్‌స్టర్ (పిడీ బ్లేడూ కలిసే చోటి లోహపు దిమ్మ) రాయికి అడ్డొస్తోందేమో చూడండి. అలాంటి కత్తికి బోల్‌స్టర్ కింది భాగాన్ని కూడా అంచుతోపాటు అరగదీయాలి. లేకపోతే అంచు మధ్యలో గుంటపడి, పలకకు ఆనక, తరిగిన ముక్కలు పూర్తిగా తెగకుండా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.

ఒక వైపు వాలు వెడల్పుగా, రెండో వైపు సన్నగా వస్తుంటే, చేయి మార్చినప్పుడు కోణం మారుతోంది. రెండో వైపు ఎత్తును అట్టముక్కలతో మళ్ళీ కొలుచుకోండి. చెంప మీద అక్కడక్కడ గీతలు పడుతుంటే కత్తి ఊగుతోంది. వేగం తగ్గించండి.

కరెంటుతో తిరిగే సానచక్రం మీద వంటగది కత్తి పెట్టకండి. అంచు పల్చగా ఉండటం వల్ల క్షణంలో వేడెక్కుతుంది. నీలం రంగు తిరిగితే ఆ చోట గట్టిదనం పోయింది, నీళ్ళలో ముంచినా తిరిగి రాదు. రంగు మారకపోయినా కొస మెత్తబడి ఉండవచ్చు. గాడిలో పెట్టి లాగే చిన్న పరికరాలు మరో సమస్య. వాటి కోణం స్థిరం, మీ కత్తిది వేరు. కార్బైడ్ పలకలు లోహాన్ని గీకి చింపుతాయి, అంచు పంటి గాట్లలా మిగులుతుంది.

వాడుతున్నప్పుడు

మెత్తని స్టీలు కత్తికి నునుపైన స్టీలు కడ్డీ మీద, పెట్టిన కోణం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా, ఒక్కో వైపు నాలుగైదు సార్లు తేలిగ్గా లాగితే వంగిన కొస నిటారవుతుంది. 60 దాటిన గట్టి స్టీలుకు గాట్లున్న కడ్డీ వాడకండి, పెచ్చులు లేస్తాయి. సన్నటి సిరామిక్ కడ్డీ గానీ తోలు గానీ వాడండి. గాజు, రాతి, లోహపు పలకల మీద తరగకండి. తరిగిన ముక్కలను పలక మీంచి నెట్టేటప్పుడు అంచుతో కాక వెన్నుతో నెట్టండి. నూరడం అవగానే కత్తిని సబ్బుతో కడిగి తుడవండి, అంచుకు అంటిన లోహపు పొడి తిండిలో కలుస్తుంది. కార్బన్ స్టీలైతే ఆరాక వంటనూనె చుక్క రాసి పెట్టండి. తర్వాత కడ్డీతో పదును తిరిగి రాని రోజు 1000 రాయి తీయండి. ముతక రాయి అవసరం మళ్ళీ పెచ్చు లేచినప్పుడో, కోణం మార్చాలనుకున్నప్పుడో మాత్రమే పడుతుంది.